మూడో ట్రేలో ప్రళయం

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు మొహమాటపడి, "మేడం, మీ అనుభవాలు ఏమైనా చెప్పండి" అంటారు. అనుభవాలంటే వాళ్ల ఉద్దేశం హిమాలయాలు, గుడారాలు, మంచు. నేను గోడకు వేసే సున్నం గురించి మొదలుపెడతాను. వాళ్ల మొహాలు వాడిపోతాయి. పెద్దావిడకి మతి తప్పిందేమోనని ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు. అందుకని ఇది రాసిపెడుతున్నాను. చదువుకునేటప్పుడైతే నా ముందు మొహం దాచుకునే బాధ వాళ్లకి ఉండదు.

నా పేరు సుగుణ. సికింద్రాబాదులో, భూగర్భ శాస్త్రం చూసే ఒక ప్రభుత్వ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. సున్నపురాయిని వెలుతురు అటునుంచి ఇటు వచ్చేంత పలుచగా అరగదీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, అందులో ఏ కాలపు ప్రాణుల చిప్పలున్నాయో చూడడం నా పని. ఉద్యోగమంతా అదే చేశాను. నా ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. రాయాలంటే ముందు అవి రావాలి కదా.

మా ఊరికీ సముద్రానికీ ఏం సంబంధం

మా ఊరి రాళ్లన్నీ గ్రానైటు. వాటిలో వెతికితే చీమ కాలు కూడా దొరకదు. చుట్టుపక్కల ఎటు చూసినా సముద్రం లేదు. అయినా సముద్రపు సున్నపురాళ్లు చూసే మంచి మైక్రోస్కోపు మా ఆఫీసుకే వచ్చింది. ఇంకో ఊరికి వెళ్లాల్సిన పెట్టె పొరపాటున ఇక్కడ దిగిందనీ, తిరిగి పంపడం కన్నా పని పెట్టుకోవడం సులువని అప్పటి పెద్దలు తేల్చారనీ పాతవాళ్లు చెప్పేవాళ్లు. ప్రభుత్వంలో చాలా శాస్త్రం ఇలాగే మొదలవుతుంది.

ఆఫీసు తిరుమలగిరి దారిలో, కంటోన్మెంటు కాలం నాటి పాత బంగళా. ఎత్తైన కప్పు, మందమైన గోడలు, వాటి మీద ఏళ్ల తరబడి వేసిన సున్నం పొరలు. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ మిషన్ స్కూల్లో మాస్టారుగా స్థిరపడ్డారు. బోయిగూడలో ఇల్లు. నేను అక్కణ్ణుంచి బస్సులో వెళ్లేదాన్ని.

మేం పని చేసిన విషయం ఇది. దాదాపు ఇరవై అయిదు కోట్ల ఏళ్ల కిందట సముద్రాల్లో బతికే జాతుల్లో చాలా భాగం తుడిచిపెట్టుకుపోయాయి. డైనోసార్లు పోయిన సంగతి అందరికీ తెలుసు, వాటికి సినిమాలున్నాయి. ఇది అంతకంటే చాలా ముందు జరిగిన, అంతకంటే పెద్ద చావు. పోయినవాటిలో ఎక్కువ చిప్పల పురుగులూ, పగడాలూ కాబట్టి ఎవరూ కన్నీళ్లు పెట్టుకోరు. సున్నపురాయి అంటే ఆ ప్రాణుల చిప్పలే, సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్నవి. కింది పొర పాతది, పై పొర కొత్తది. కింది నుంచి పైకి చూసుకుంటూ పోతే ఒక చోట చిప్పలు హఠాత్తుగా మాయమవుతాయి. ఆ చోటు ఏదో తేల్చడమే మా పని.

మా చర్చిలో ఆదివారం నాడు ఆరు రోజుల్లో సృష్టి, ఆఫీసులో సోమవారం నాడు ఇరవై అయిదు కోట్ల ఏళ్లు. రెంటి మధ్యా ఒక బస్సు టికెట్టే దూరం. ఒకసారి పాస్టరు గారు నన్ను పక్కకి పిలిచి, "అమ్మా సుగుణా, అవన్నీ నోవహు జలప్రళయంలో పోయినవే కదా?" అని అడిగారు.

"పోయినవన్నీ నీళ్లలో బతికేవేనండీ. వాటికి వరద వస్తే పండగే కదా" అన్నాను.

ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రార్థన చేస్తానమ్మా" అన్నారు. నా కోసమా, వాటి కోసమా అని నేను అడగలేదు.

విశ్వనాథం గారు

మా పై అధికారి విశ్వనాథం గారిది రాజమండ్రి. మంచి శాస్త్రవేత్త, చెడ్డ కోపం. మండుటెండలో కూడా నల్ల కోటు వేసుకుని వచ్చేవారు. పొద్దస్తమానం రాళ్లు కోసి, పొడి కొట్టే ఆఫీసులో దుమ్మంటే అస్సలు పడని మనిషి ఆయన. ఆయనకో పేము కుర్చీ ఉండేది. దాన్ని చేతిరుమాలుతో మూడు వైపులా దులిపితే గానీ కూర్చునేవారు కాదు. ఒకసారి బయటివాళ్లు వచ్చినప్పుడు ఆ కుర్చీ మీద దుమ్ము కనబడిందని, స్టోరు చూసుకునే యాదగిరిని అందరి ముందూ నిలబెట్టి అరిచారు. యాదగిరి నా ఈడువాడే, పిల్లలున్న మనిషి. తల వంచుకుని నిలబడ్డాడు. ఆ కుర్చీ సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ కథలో రాళ్ల కన్నా దానికే ప్రాముఖ్యం ఎక్కువ.

ఆయన దగ్గర నేర్చుకున్నది మాత్రం తక్కువ కాదు. కొండ మీద రాయిని సుత్తితో కొట్టే ముందు దాని మీద పైకి చూసే బాణం గీయాలి. "కొట్టాక అది ఎటు పైనో, ఎటు కిందో దేవుడొచ్చినా చెప్పలేడమ్మా" అనేవారు. ఈ ఒక్క మాట పాటించని కుర్రాళ్ల వల్ల పుట్టుకలు చావులుగా, చావులు పుట్టుకలుగా మారిన పేపర్లు నేను చూశాను. పేర్లు చెప్పను, వాళ్లిప్పుడు చాలా పెద్ద పదవుల్లో ఉన్నారు.

నన్ను ఫీల్డుకి తీసుకెళ్లడానికి మాత్రం ఆయన చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. "గుడారాల్లో బతకాలి. ఆడపిల్లవి, బాత్రూమ్ ఎక్కణ్ణుంచి తేను?" అనేవారు.

"ఆ కొండల్లో గొర్రెలు కాసే ఆడవాళ్లకి ఎవరు కట్టించారండీ?" అన్నాను ఓ రోజు, ఇక ఉండబట్టలేక.

మరుసటి వేసవికి వెళ్లేవాళ్లలో నా పేరుంది.

హిమాలయాల్లో, కశ్మీరు వైపు, ఒక లోయ. నల్లటి సున్నపురాయి పొరలు, మధ్యమధ్యలో మట్టి పలకలు. కింది పొరల్లో చిప్పలు సంతలో జనంలా ఇరుక్కుని ఉన్నాయి. పైకి వెళ్తే, చెయ్యి మందం కూడా లేని ఒక బంకమట్టి పలక. దాని పై పొరల్లో దాదాపు ఏమీ లేదు, కాగితమంత పలుచటి ఒకే రకం చిప్పలు తప్ప. నేను ఆ పలక మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. విశ్వనాథం గారు చూసి, "ఎత్తు మీద గాలి తక్కువ, అలాగే ఉంటుంది" అన్నారు. అది గాలి వల్ల కాదని ఆయనకీ తెలుసు.

పొర పొరకీ బాణం గీసి, నమూనాలు కొట్టి, టమాటా పెట్టెల్లో సర్దుకుని తెచ్చాం. మోండా మార్కెట్లో కొన్న పెట్టెలవి. సముద్రపు ప్రాణులు ఇన్ని కోట్ల ఏళ్ల తర్వాత టమాటా పెట్టెల్లో సికింద్రాబాదు స్టేషన్లో దిగాయి.

సున్నం వేసిన ఆదివారం

సముద్రానికి ఏమైందో చిప్పలు ఒక రకంగా చెబితే, రాయిలోని కార్బన్ ఇంకో రకంగా చెబుతుంది. కార్బన్‌లో బరువైనది ఒకటి, తేలికైనది ఒకటి ఉంటాయి. సముద్రంలో జీవం తలకిందులైనప్పుడు ఆ కాలపు రాయిలో తేలిక కార్బన్ వాటా పెరుగుతుంది. కాగితం మీద గీస్తే గీత కిందికి ఒంగుతుంది. ఆ ఒంపు ఎక్కడుందో పట్టుకోవాలని విశ్వనాథం గారి ఆశ. ఇంకొన్ని నెలల్లో ఆయన రిటైరవ్వాలి. ఒంపు దొరికితే ఆయన ఉద్యోగం రెండేళ్లు పొడిగించి, ప్రాజెక్టు ఆయనకే అప్పగిస్తామని పై ఆఫీసు డైరెక్టరు మాటిచ్చాడు. ఆయనకి పిల్లలు లేరు, వేరే వ్యాపకం లేదు. ఆ రెండేళ్లూ దక్కకపోతే ఆయన ఏమైపోతారోనని మా అందరికీ దిగులుగానే ఉండేది.

ప్రతి రాయిలోంచి చిటికెడు పొడి తీసి, కడిగి, చిన్న గాజు పళ్లేల్లో పోసి, నాలుగు ట్రేల్లో వరసగా పేర్చాను. అట్టడుగు పొరలు మొదటి ట్రేలో, పైవి నాలుగో ట్రేలో. ఆరబెట్టే ఓవెన్ చెడిపోయి ఉంది. అది ఎప్పుడూ చెడిపోయే ఉండేది. ట్రేలను స్టోరు బీరువాలో పెట్టి తలుపు వేశాను. మూడో ట్రే పెద్దది, బీరువాలో పట్టలేదు. దాన్ని బల్ల మీద ఉంచి, పైన వార్తాపత్రిక కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, "యాదగిరీ, దీన్ని ముట్టుకోకు" అని చెప్పి ఇంటికొచ్చాను.

సోమవారం డైరెక్టరు గారి తనిఖీ. అందుకని విశ్వనాథం గారు ఆదివారం పూట గోడలన్నీ గీకించి సున్నం వేయించారు. నేను ఆ టైములో చర్చిలో పాట పాడుతున్నాను. సోమవారం పొద్దున వచ్చేసరికి బంగళా పెళ్లిపందిరిలా ఉంది. బల్ల మీద నా ట్రే, పైన కాగితం, నాలుగు మూలలా రాళ్లు, అన్నీ యథాస్థానంలో ఉన్నాయి. నేను పొడుల్ని పొట్లాలు కట్టి, కార్బన్ కొలిచే ఉత్తరాది ప్రయోగశాలకి పంపించాను.

అందరూ మెచ్చిన ఒంపు

ఫలితాలొచ్చాయి. గీత మొదటి రెండు ట్రేల్లో సమంగా నడిచి, ఆ తర్వాత బావిలో పడ్డట్టు కిందికి పడింది, మళ్లీ పైకి లేచింది. నాలుగో ట్రేలో, సరిగ్గా ఆ బంకమట్టి పలక దగ్గర, ఇంకో చిన్న ఒంపు ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పెద్దది ఉండగా చిన్నదాన్ని ఎవరు చూస్తారు?

విశ్వనాథం గారు ఆ రోజు ఆఫీసంతటికీ మిఠాయి తెప్పించారు. ఆయన నవ్వితే పళ్లు కనబడతాయని నాకు అప్పుడే తెలిసింది.

నాకు మాత్రం మింగుడు పడలేదు. ఆ పెద్ద ఒంపు ఉన్న పొరల్ని మైక్రోస్కోపు కింద నేనే చూశాను. వాటి నిండా చిప్పలే, పిల్లాపాపలతో సహా సుఖంగా ఉన్నాయి. ప్రళయం వచ్చిన సంగతి వాటికి ఎవరూ చెప్పినట్టు లేదు. అదే మాట సారుతో అన్నాను, నిజమైనది పలక దగ్గరున్న ఆ చిన్న ఒంపేనని కూడా అన్నాను.

"మనిషికి లోపల జబ్బు మొదలయ్యాక కూడా కొన్నాళ్లు తిరుగుతాడు కదమ్మా. సముద్రమూ అంతే. ముందు రసాయనం చచ్చింది, తర్వాత ప్రాణి చచ్చింది" అన్నారాయన.

మాట ఎంత బాగుందంటే డైరెక్టరు దాన్ని తన ఉపన్యాసాల్లో సొంత మాటగా వాడుకున్నాడు. పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి: మన వృత్తిలో తప్పుడు ఫలితానికి వివరణ దొరకనిది ఎప్పుడూ ఉండదు. సరైన ఫలితానికే వివరణ దొరక్క చస్తాం.

హైదరాబాదులో జరగబోయే పెద్ద సభలో ఈ పేపరు చదవాలని నిర్ణయమైంది. విదేశాల వాళ్లు కూడా వస్తున్నారు. పేపరు మీద మొదటి పేరు విశ్వనాథం గారిది, రెండో పేరు నాది. పేపరు మీద నా పేరు పడడం అదే మొదటిసారి. బోయిగూడలో మా అమ్మ ఆ సంగతి కూరగాయల బండివాడికి కూడా చెప్పింది.

సభలో చూపించే బొమ్మ గీసే పని నాకు వచ్చింది. నా సౌకర్యం కోసం ఏ ట్రే ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పెన్సిలుతో సన్నగా గీతలు పెట్టుకున్నాను. పెట్టుకుని చూస్తే నా చెయ్యి ఆగిపోయింది. ప్రళయం సరిగ్గా మూడో ట్రే మొదటి పళ్లెంలో మొదలై, మూడో ట్రే ఆఖరి పళ్లెంలో ముగిసింది. అన్ని కోట్ల ఏళ్ల కిందట సముద్రానికి మా వడ్రంగి చేసిన ట్రే కొలత ఎలా తెలుసు?

యాదగిరిని పిలిచాను. "సున్నం వేసిన రోజు మూడో ట్రే ఎక్కడుంది?"

"ఆడనే ఉండె మేడం, బల్ల మీద. మీరు ముట్టొద్దన్నరు, నేను ముట్టలే."

"పైన కప్పిన కాగితం?"

యాదగిరి మొహంలో కొంచెం గర్వం కనబడింది. "కాగితం జెర సేపు తీసిన. సారు కుర్చీ సుత ఆ రూములనే పెట్టిన్రు. గోడలు గీకుడు షురూ అయినంక దుమ్ము గుమ్మరిచ్చినట్టు పడుతుంది. కుర్చీ మీద పడితె సారు నన్ను ఉంచుతడా? కాగితం తీసి కుర్చీకి కప్పిన. పని అయినంక దులిపి మల్ల ట్రే మీద కప్పిన. రాళ్లు సుత మీరు పెట్టినట్టే పెట్టిన. ఏందీ మేడం, ఏమన్న తప్పయిందా?"

నేను నవ్వాను. ఆ తర్వాత గది తలుపు వేసుకుని ఏడ్చాను. నా పేరున్న ఒకే ఒక్క పేపరు అది.

గోడ నమూనా

అనుమానం చాలదు, రుజువు కావాలి. స్టోరు గోడ మీద నుంచి సున్నం పెచ్చు ఒకటి గీకి, పొడి చేసి, మిగతావాటి వరసలోనే తర్వాతి నంబరు వేసి అదే ప్రయోగశాలకి పంపాను. గోడని నమూనాగా పంపడం మా శాఖ చరిత్రలో అదే మొదలనుకుంటాను.

కొన్ని వారాలకి ఆ ప్రయోగశాల పెద్ద నుంచి ట్రంకు కాల్ వచ్చింది. "మీ ఆఖరి నమూనా ఏ పొరదండీ? దాని ముందు మీ మిగతా ఒంపు ఏపాటిదీ కాదు. ఆ పొర కాలంలో ఏం చచ్చింది?"

"ఏం చావలేదండీ. అది మా స్టోరు గోడ" అన్నాను.

ఆయన పక్కవాళ్లతో "గోడట" అనడం లైన్లో వినబడింది.

ఇందులో వింతేమీ లేదు. గోడకి వేసిన తడి సున్నం ఆరేటప్పుడు గాలిలోంచి కార్బన్ లాక్కుంటుంది, తేలికదాన్ని ఎక్కువగా లాక్కుంటుంది. పాత సున్నం గీకితే లేచిన దుమ్ము నా చిటికెడు పొడుల్లో కలిసింది. తెల్ల దుమ్ము లేతబూడిద రంగు పొడిలో కంటికి కనబడలేదు. సముద్రం చావలేదు, మా ఆఫీసుకి వెల్ల వేశారు, అంతే.

విశ్వనాథం గారి గదిలోకి వెళ్లి అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎవరికైనా చెప్పావా?"

"కార్బన్ కొలిచినాయనకి తప్ప ఎవరికీ లేదండీ."

"పేపరు మీద నీ పేరు కూడా ఉంది."

"ఉందండీ. నాకున్నది అదొక్కటే."

తర్వాత నేను ఊహించని ప్రశ్న అడిగారు. "ఆ రోజు కుర్చీ మీద ఏమైనా పడిందా?"

"ఒక్క రవ్వ కూడా పడలేదటండీ."

ఆయన మెల్లగా ఆ కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. నేను వెళ్లేదాకా మళ్లీ కూర్చోలేదు.

సభకి ముందు రోజు డైరెక్టరు వచ్చాడు. ఉత్తరాది మనిషి, ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు. విషయం విని అయిదు నిమిషాల్లో దారి కనిపెట్టాడు. ఆ తెలివితేటలు ఉన్నాయి కాబట్టే డైరెక్టరయ్యాడు. "స్టోరు మనిషి అజాగ్రత్త వల్ల నమూనాలు పాడయ్యాయని రాసి పేపరు వెనక్కి తీసుకోండి. వాణ్ని సస్పెండు చేద్దాం. మీ పేరుకి మచ్చ రాదు, మీ పొడిగింపుకీ ఇబ్బంది రాదు."

"ఆలోచిస్తానండీ" అన్నారు విశ్వనాథం గారు.

ఆ మాట వినగానే నాకు ఆయన మీద అసహ్యం వేసింది. ఆలోచించడానికి ఏముంది ఇందులో? బయటికి వస్తే వరండాలో యాదగిరి నిలబడి ఉన్నాడు. తలుపు చాటున అంతా విన్నాడు. ఇంగ్లీషు రాకపోయినా సస్పెండన్న మాట అందరికీ అర్థమవుతుంది.

"మేడం, నా నౌకరి పోతదా?" అన్నాడు. "ఇంట్ల ఇంక చెప్పలే. చెప్తె అందరు పరేషాన్ అయితరు. నేను కుర్చీ ఖరాబు కావొద్దనే గద చేసింది?"

"తెలియదు యాదగిరీ" అన్నాను. నిజంగానే తెలియదు.

టీ వేళకు ముందు

సభలో మా వంతు టీకి ముందు వచ్చింది. విశ్వనాథం గారు నల్ల కోటుతో వేదిక ఎక్కారు. లోయ బొమ్మ చూపించారు, పొరలు చూపించారు, గీత చూపించారు. గీత కిందికి పడ్డ చోట హాల్లో చిన్న కలకలం. ముందు వరసలో విదేశీయుడొకడు పక్కవాడికి ఏదో చెబుతూ తల ఊపాడు. డైరెక్టరు చెమట తుడుచుకున్నాడు. పేపరు ఉన్నదున్నట్టు చదివేస్తున్నారనుకున్నాను.

అప్పుడాయన ఇంకో బొమ్మ పెట్టారు. అదే గీత, కాని అన్నిటికన్నా అడుగున, కాగితం అంచుకి దగ్గరగా, ఒక కొత్త చుక్క.

"ఇది మా స్టోరు గోడ" అన్నారు.

ఎవరో నవ్వారు, తర్వాత చాలామంది నవ్వారు. ఆయన నవ్వు ఆగేదాకా ఆగి, ట్రే సంగతి, సున్నం సంగతి చెప్పారు. "గోడలు గీకించింది నేను. ట్రే మీది కాగితం తీసి కప్పింది నా కుర్చీకి. నా కుర్చీ మీద దుమ్ము పడితే ఉద్యోగం పోతుందని మా ఆఫీసులో ఒక మనిషి భయపడ్డాడు. ఆ భయం పెట్టింది నేను. కాబట్టి ఈ ప్రళయానికి కారణం కనుక్కోవడం కష్టమేమీ కాదు. మీ ఎదుటే నిలబడి ఉంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నాలుగో ట్రే ఆ రోజు తలుపు వేసిన బీరువాలో ఉంది. అందులో చిన్న ఒంపు ఒకటుంది. చిప్పలు మాయమైన చోటే ఉంది. అది నిజమని సుగుణ మొదట్నుంచీ అంటోంది. నేను వినలేదు. మీరు వినండి" అని నన్ను పిలిచారు.

వేదిక ఎక్కాను. ఎనిమిదేళ్లు ఆయన దగ్గర పనిచేశాను, చాలాసార్లు లోపల తిట్టుకున్నాను. ఆ క్షణంలో మాత్రం ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. నేను మైకు ముందు నిలబడి, భూమ్మీద జరిగిన అతి పెద్ద చావు గురించి చెప్పడం మొదలుపెట్టాను. అప్పటికే టీ వచ్చేసింది. సగం హాలు లేచి బయటికి వెళ్లిపోయింది.

గీత ఎక్కడ గీశారంటే

యాదగిరిని ఎవరూ ఏమీ అనలేదు. అంతమంది ముందు పై అధికారి తన నెత్తిన వేసుకున్నాక కింది మనిషిని సస్పెండు చేయడం కుదరలేదు. విశ్వనాథం గారికి పొడిగింపు రాలేదు. ఆయనకి 'సున్నం సారు' అన్న పేరు మాత్రం వచ్చింది. ఆ పేరు పెట్టినవాళ్లలో, సొంత ఫలితాలు తప్పని తెలిసీ నోరు మూసుకున్న మహానుభావులు నాకు తెలిసే ఇద్దరున్నారు. వాళ్లకి పొడిగింపులొచ్చాయి.

మరుసటి వేసవిలో నేను వెళ్లి నమూనాలు మళ్లీ తెచ్చాను. మూడో ట్రే పొరల్లో గీత సమంగా ఉంది. పలక దగ్గర చిన్న ఒంపు చిన్న ఒంపుగానే ఉంది. నిజమైన ప్రళయం మా బీరువాలోనే ఉండింది, హడావిడి లేకుండా. మేం అది రాసేసరికి వేరే దేశాల వాళ్లు అలాంటి ఒంపుల గురించి రాసేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లకి, ఆ చావుకి ముందు యుగానికీ, తర్వాతి యుగానికీ మధ్య సరిహద్దు గుర్తును ప్రపంచమంతా ఒప్పుకుని చైనాలోని ఒక సున్నపురాయి క్వారీలో పెట్టింది.

ఆ వార్త చెప్పడానికి తిరుమలగిరిలో ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన విని తల ఊపారు. "మంచిది. వాళ్ల స్టోరుకి ఎవరూ సున్నం వేయించలేదన్నమాట" అన్నారు.

నేను రిటైరయ్యే నాటికి రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉంది, బంగళా కూడా ఇంకా అదే. నమూనాల టమాటా పెట్టెలు మాత్రం మోండా బదులు బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి వస్తున్నాయి. వీడ్కోలు సభకి విశ్వనాథం గారిని పిలిచాను. ఎనభై దాటిన మనిషి, కర్ర పట్టుకుని వచ్చారు. కోటు అదే నలుపు.

సభ అని ముందు రోజు నుంచే గోడలు గీకుతున్నారు, పని ఇంకా పూర్తి కాలేదు. వరండాలో గౌరవంగా మా ఇద్దరికీ వేసిన రెండు కుర్చీలకీ వార్తాపత్రికలు కప్పి ఉన్నాయి. పక్కనే తెరిచి ఉన్న స్టోరులో, బల్ల మీద, ఎవరివో పొడులు గాజు పళ్లేల్లో ఆరుతున్నాయి. వాటి మీద ఏమీ లేదు. కప్పాల్సింది ట్రేలనని చెప్పి చెప్పి రిటైరవుతున్నాను, అయినా ఆఫీసు మారలేదు.

నేను నోరు తెరిచేలోపే విశ్వనాథం గారు కర్ర గోడకి ఆనించి, రెండు కుర్చీల మీది కాగితాలూ తీశారు. వాటిని పట్టుకుని స్టోరులోకి వెళ్లి, ట్రే మీద ఒకదాని పక్కన ఒకటి పరిచి, మూలలు సరిచేసి, నాలుగు రాళ్లు వెతికి పెట్టారు. ఈలోగా కుర్చీల మీద తెల్లగా దుమ్ము దిగింది.

ఇప్పుడు స్టోరు చూసే నర్సింగు పరుగున వచ్చాడు. "ఆగుండ్రి సారూ, కూసోకుండ్రి! కోటుకు సున్నం అంటుతది. జెర ఆగుండ్రి, దులుపుతా."

విశ్వనాథం గారు ఆగలేదు. చేతిరుమాలు తీయలేదు. ఆ తెల్లటి దుమ్ములో నిదానంగా కూర్చుని, పక్క కుర్చీని చేత్తో తట్టారు.

"కూర్చో సుగుణా. కాస్త సున్నమేగా."

నా పట్టుచీర కొత్తది. నేనూ కూర్చున్నాను.